దిగని బంతి

సాయంత్రం పావుతక్కువ ఐదయ్యేసరికి అమలాపురం కాలేజీ గ్రౌండు మీంచి బంతి వెళ్తుంది.

కొత్తపేట వైపు నుంచి వస్తుంది. రెండు కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఎంతో అంత ఎత్తున వస్తుంది. ఉత్తరపు గోలు మీదికొచ్చి కాసేపు ఆగి, తరవాత రాజోలు మీదుగా సముద్రం వైపు సాగిపోతుంది. గ్రౌండు వెనక వీధిలో ఆడవాళ్ళు "బంతెళ్ళిపోయిందే, ఆరేసిన బట్టలు తీసెయ్" అని డాబాల మీంచి కేకలేసుకుంటారు. టీకొట్టులో రెండో విడత పాలు పొయ్యెక్కుతాయి. కొబ్బరికాయలు దింపేవాళ్ళు ఆ వేళకి చెట్టు మీదుంటే తల కాస్త పక్కకి వంచుతారు. అంతే. కొంగలు కూడా దానికి దారి ఇస్తాయి.

ఆ బంతిని తన్నినవాడు క్రాంతికుమార్. తన్ని తొమ్మిదేళ్ళయింది.

ఆనాటి ఆట నేను చూసేను. చూసేనంటే ఎక్కడో జనంలో నిలబడి కాదు, గోలు వెనకాల వల పట్టుకుని మరీ చూసేను. ఆ రోజు కోనసీమలో ఇంట్లో ఉన్నవాడంటూ ఎవడూ లేడు. మంచం పట్టిన ముసలాళ్ళని మంచాలతో సహా మోసుకొచ్చేరు. నలభై వేల మంది! ఆ బరువుకి గ్రౌండు ఒక పక్కకి ఒరిగి, పక్కన పంటకాలవలో నీళ్ళు వెనక్కి నడిచేయి. అమలాపురంలో అంత జనం ఎక్కడున్నారండీ అంటారేమో. మిగతావాళ్ళు మండపేట నుంచి ధాన్యం లారీలెక్కి వచ్చేరు, ఎందుకంటే అవతలి టీము వాళ్ళది.

క్రాంతికుమార్ ఎడమకాలి సంగతి వినాలి మీరు. ఆ కాలు బంతికి తగిలితే గాలి కాలిన వాసన వచ్చేది. ఒకసారి మూల నుంచి తన్నిన బంతి గోలు కాసే గోలీని, గోలీ వెనకున్న వలని, వల వెనక మేస్తున్న మేకని కూడా పట్టుకెళ్ళి కాలవ అవతల దింపింది. మేకకి ఏమీ కాలేదు. గోలీ మాత్రం మళ్ళీ ఆట జోలికి రాలేదు. నా లెక్కల్లో ఓ సున్నా ఎక్కువ పడితే పడొచ్చు, నేను కాదనను. బంతి సంగతిలో మాత్రం ఏమీ కలపలేదు. అది కావాలంటే రేపు సాయంత్రం వచ్చి మీరే చూసుకోవచ్చు.

అది కాలేజీల మధ్య ఫైనలు. ఇరుపక్షాలకీ ఒక్క గోలూ లేదు. ఆఖరి నిమిషంలో మండపేట గోలీ ముందుకి దూకి జారిపడ్డాడు. ఎదురుగా ఖాళీ గోలు. బంతి క్రాంతికుమార్ ఎడమకాలి ముందుంది. మా ఇంట్లో మూడేళ్ళ మనవరాలు తన్నినా పడిపోయే గోలు అది. సరిగ్గా తన్నే క్షణంలో అతను తల పైకెత్తేడు. నడుము వెనక్కి వాలింది. బంతి నిట్టనిలువుగా పైకి లేచింది.

నలభై వేల తలకాయలు ఆకాశం కేసి తిరిగేయి. బంతి దిగలేదు.

రిఫరీ సత్తియ్య మేష్టారు ఈల నోట్లో పెట్టుకుని పొద్దుగుంకేదాకా అలాగే నిలబడ్డారు. హైస్కూల్లో డ్రిల్లు మేష్టారుగా చేసిన మనిషి, ఒక్క అంగుళం అటూ ఇటూ కానివ్వరు. ఆఖరికి ఈల నోట్లోంచి తీసి చెప్పేరు.

"బంతి గీత దాటలేదు, నేలా తాకలేదు. అంచేత ఆట అవలేదు. అది దిగే వేళకి ఎవరు మైదానంలో ఉంటే వాళ్ళు ఆడుకోవాలి. చివర తన్నినవాడు ఉండాలి, తప్పదు."

మర్నాడు పావుతక్కువ ఐదుకి బంతి మళ్ళీ కనిపించింది. ఇరవై రెండు మందీ బూట్లు వేసుకుని వచ్చేరు. ఏడాది తిరిగేసరికి పద్నాలుగు మంది మిగిలేరు. ఒకడు కువైట్ వెళ్ళేడు, ఒకడు ఆటో కొనుక్కున్నాడు, ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యేయి. మండపేట గోలీ మూడేళ్ళు వచ్చి, తరవాత రైసుమిల్లులో చేరిపోయేడు. వెళ్ళిపోయినవాళ్ళు మొదట్లో ఫోన్లు చేసి "దిగిందేంట్రా?" అని అడిగేవాళ్ళు. తరవాత పండక్కే అడిగేరు. ఆపైన అడగడం మానేసేరు. చివరికి మిగిలింది ఇద్దరు. గీత లోపల క్రాంతికుమార్, గీత పక్కన మెడలో ఈలతో సత్తియ్య మేష్టారు.

ఈ మధ్యలో పోలీసు ఉద్యోగాలు పడ్డాయి. ఆటగాళ్ళకి కోటా ఉంది. క్రాంతికుమార్ సర్టిఫికెట్టు పట్టుకుని వెళ్ళేడు. గుమాస్తా మంచివాడే, కుర్చీ చూపించి మరీ మాట్లాడేడు.

"గెలిచినట్టా బాబూ, ఓడినట్టా?"

"ఆట నడుస్తోందండి."

"ఎందాకా వచ్చింది?"

"బంతి పైనుందండి."

"ఓహో, ఆ బంతి మీదేనా? మా అత్తగారి ఊరు మీంచే వెళ్తుంది. అయితే దిగిన తేదీ వేయించుకుని రండి, ఈ గడి ఖాళీగా ఉండకూడదు."

"ఆయ్, అలాగేనండి" అని వచ్చేసేడు. ఆ తేదీ రాలేదు. వయసు దాటిపోయింది.

అంబాజీపేటలో కొబ్బరికాయలు వలిచే షెడ్డులో చేరేడు. నాలుగింటికల్లా గునపం పక్కన పెట్టి సైకిలెక్కేస్తుంటే ఆ షావుకారు ఎన్నాళ్ళని ఊరుకుంటాడు? అక్కడా పోయింది. తరవాత ఎరువుల కొట్టు, ఆ తరవాత కొరియరు. అన్నిచోట్లా పావుతక్కువ ఐదే అడ్డం పడింది. పెళ్ళిచూపులకి అమ్మాయి వాళ్ళు సాయంత్రం వచ్చేరు. పిల్లాడు గ్రౌండులో ఉన్నాడని తల్లి సుందరమ్మ చెబితే, ఆ పెద్దమనిషి కాఫీ తాగి, "పాపం, బంతి దిగేక కబురు చెయ్యండమ్మా" అని మర్యాదగా లేచిపోయేడు.

సుందరమ్మ ఆసుపత్రిలో ఆయా. తొమ్మిదేళ్ళూ కొడుకు బూట్లు తుడిచి సంచిలో పెట్టింది. సాయంత్రం ప్రార్థనలో అందరి పేర్లూ అయ్యేక చివర, "ప్రభువా, మా వాడి బంతి దింపు తండ్రీ" అనేది. ఆ మాటకి ఆమేన్ అనడం క్రాంతికుమార్ ఎప్పుడు మానేసేడో ఆవిడ గమనించింది. అడగలేదు.

పోయిన వేసవిలో సత్తియ్య మేష్టారు పోయేరు. చివరి నెల కుర్చీలో కూర్చోబెట్టి గ్రౌండుకి మోసుకెళ్తే, గోలు మీద బంతి ఆగినంతసేపూ ఈల పెదాల మధ్య పెట్టుకుని ఉండేవారు. ఊదడానికి ఊపిరుందో లేదో ఎవరికీ తెలీదు. పాడె మీద పడుకోబెట్టేక మెడలో ఈల తీసెయ్యమని ఎవరో అన్నారు. భార్య సూర్యావతి గారు ఒప్పుకోలేదు.

"ఆట అవలేదు కదండీ. ఉంచెయ్యండి" అన్నారు.

చితి మీద ఆ ఈలా కాలిపోయింది. అప్పుడు కూడా మోగలేదు.

మర్నాడు క్రాంతికుమార్ ఒక్కడే గ్రౌండులో నిలబడ్డాడు. బంతి వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. ఇప్పుడది దిగినా గోలు అయిందని చెప్పేవాడు ఈ భూమ్మీద లేడు. ఆ సంగతి తెలిసీ పది రోజులు బూట్లు వేసుకొచ్చేడు.

పదకొండో రోజున కాలేజీ ఫిజికల్ డైరెక్టరు ముత్యాలరాజు గారు గదిలోకి పిలిచేరు. తొమ్మిదేళ్ళ కిందట ఆయన క్రాంతికుమార్ ఆడిన టీముకే అసిస్టెంట్ కోచ్.

"రారా క్రాంతీ. కూర్చో."

"పర్లేదండి."

"కూర్చోమంటే కూర్చోవేం? అమ్మాయిల టీముకి అసిస్టెంట్ కోచ్ కావాలి. నీ పేరు రాసేను."

క్రాంతికుమార్ గోడ గడియారం కేసి చూసేడు.

"సాయంత్రాలు నాకు కుదరదండి."

"ఎక్కడుంటావో నాకు తెలీదేంట్రా? ఆ గ్రౌండులోనే నీ ఉద్యోగం. కాకపోతే ఇదొకటుంది" అని ఆయన కాయితం ముందుకి తోసేరు.

అందులో మూడే ముక్కలు. నేను ఆటగాడిగా విరమించుకున్నాను. నడుస్తున్న ఏ ఆటలోనూ నాకు చోటు లేదు. ఇకపై ఆట కోసం గీత దాటి లోపలికి అడుగు పెట్టను.

"ఇది లేకుండా అవదాండి?"

"అవదు. ఆటలో ఉన్నవాణ్ణి కోచ్‌గా తీసుకోకూడదు. రూలు."

"బంతి దిగితేనండి?"

ముత్యాలరాజు గారు బల్ల మీది పేపర్‌వెయిట్ అటు తిప్పి ఇటు తిప్పేరు.

"ఆ రోజు గీత పక్క నుంచి నిన్ను కేకేసింది నేనేరా. తల ఎత్తొద్దని చెబుదామనుకున్నాను. నా కేకకే ఎత్తేవు."

"వినపడిందండి."

"తొమ్మిదేళ్ళూ ఎవరితోనూ అనలేదేం మరి?"

"అంటే దిగుద్దాండి?" అని క్రాంతికుమార్ పెన్ను తీసుకున్నాడు.

ఇంటికెళ్తే సుందరమ్మ సంచి అందుకుని, "బూట్లు ఎక్కడ పెట్టమంటావు నాన్నా?" అంది. "ఎక్కడో అక్కడ పెట్టమ్మా" అన్నాడు. ఆవిడ పాత యూనిఫారం చీర చింపి వాటిని చుట్టి, బీరువాలో బైబిలుకి కింది అరలో పెట్టింది. ఆ సాయంత్రం ప్రార్థనలో చివరి మాట రాలేదు.

అసిస్టెంట్ కోచ్ పనంటే మీరేమనుకుంటున్నారో గానీ, బంతి తన్నడం తప్ప తక్కినవన్నీ. సైకిలు పంపుతో బంతులకి గాలి కొట్టాలి. నిమ్మబద్దలు కోసి ఉంచాలి. రేకుడబ్బాలో సున్నం కలిపి గ్రౌండు చుట్టూ గీత పొయ్యాలి. బంతి కాలవలో పడితే గుర్రపుడెక్క తప్పించుకుంటూ మొలలోతు నీళ్ళలో దిగి తేవాలి. సాయంత్రం పదకొండు బంతులూ లెక్కపెట్టి వలసంచిలో వేసి, మూతి ముడేసి, కొట్టుగదిలో పెట్టాలి. ఆ ఎడమకాలు ఇప్పుడు కాలవ బురద తొక్కుతోంది. దాని గురించి గొప్పగా చెప్పడానికి నాకే మాట దొరకడం లేదు.

టీములో జెస్సీ అని ఒక పిల్ల ఉంది. రాజోలు అవతల నుంచి బస్సులో వస్తుంది. తల్లి కువైట్లో పని చేస్తుంది, ఇక్కడ మామ్మ దగ్గరుంటుంది. ఎడమకాలి ఆట. మొదటిరోజే ఆ పిల్ల తన్నిన బంతి కాలవలో పడితే, క్రాంతికుమార్ పంట్లాం మడిచి దిగేడు.

"నేను తెస్తానుండండి సార్. తన్నింది నేనే కదండీ."

"నువ్వు ఆడమ్మా. బంతి ఎక్కడికెళ్ళినా తెచ్చేది అసిస్టెంట్ కోచే."

"సార్, అక్కడ తాబేలుందండి. మన బంతి మీదెక్కి కూర్చుంది."

"దాన్నీ పట్టుకొస్తానుండు, టీములో పెడదాం. నీకంటే బాగా పరిగెడుతుంది."

అమ్మాయిలు పకపకా నవ్వేరు. తొమ్మిదేళ్ళలో అతను వేసిన మొదటి జోకు అది. తనకే వింతగా తోచి కాసేపు నీళ్ళలోనే నిలబడిపోయేడు.

జెస్సీ కాలికి అతను ఉన్నదంతా నేర్పేడు. రెండు నెలలకి ఆ పిల్లకి విజయవాడలో రాష్ట్ర జట్టు ఎంపికలకి పిలుపొచ్చింది. తెల్లారి ఆరింటికి బస్సు, మధ్యాహ్నం రెండింటికి ఎంపిక. ఇది ముందురోజు సాయంత్రం జరిగిన సంగతి. ఇక్కడ నుంచి నేనేమీ పెంచి చెప్పను. నా నోరు దానికి రాదు.

మిగతా అమ్మాయిలు కుళాయి దగ్గరికి వెళ్ళేరు. జెస్సీ ఒక్కతే ఉత్తరపు గోలు ముందు ఉంది. క్రాంతికుమార్ గీత బయట వంగి సున్నం పోస్తున్నాడు. పావుతక్కువ ఐదయింది. బంతి వచ్చింది, గోలు మీద ఆగింది. అతను తలెత్తలేదు. ఎత్తడం మానేసి చాలా రోజులయింది.

బంతి దిగింది. నీళ్ళలో మునిగే కొబ్బరిచిప్పలా అటూ ఇటూ ఊగుతూ దిగింది. తొమ్మిదేళ్ళ కిందట లేచిన చోటే నేల తాకి, రెండుసార్లు చిన్నగా ఎగిరి ఆగిపోయింది. ఉప్పుగాలికి తోలు తెల్లబడిపోయింది. కుట్టు సందులో కొంగ ఈక ఒకటి ఇరుక్కుని ఉంది.

"సార్" అంది జెస్సీ నెమ్మదిగా. "మీ బంతి దిగిందండి."

గీతకీ బంతికీ మధ్య ఎనిమిదడుగులు. ఎదురుగా ఖాళీ గోలు. క్రాంతికుమార్ డబ్బా కింద పెట్టేడు. కాలు లేచింది. తానే పోసిన సున్నం ఇంకా తడిగా ఉంది. లేచిన కాలు ఆ గీత ఇవతలే మళ్ళీ దిగింది.

"రండి సార్, ఎవరూ చూడరు."

"నేను రాకూడదమ్మా. సంతకం పెట్టేను."

"పోనీ నేను కొట్టెయ్యనాండి? మీ పేరు మీదే."

అతను తలూపేడు. జెస్సీ మూడడుగులు వెనక్కి వేసింది. పరిగెత్తింది. తల వంచే ఉంది, నడుము బంతి మీదికే ఉంది, అతను నేర్పింది నేర్పినట్టే ఉంది. ఊరుకుంటే గోలు పడిపోయేది. కానీ తొమ్మిదేళ్ళుగా గొంతులో ఉన్న మాట ఒకటుంది కదా, తల ఎత్తకు అన్న మాట. అది పైకి రాబోయి, ముందు పేరొచ్చేసింది.

"జెస్సీ!"

"సార్?" అని ఆ పిల్ల తలెత్తింది.

బంతి నిట్టనిలువుగా పైకి లేచింది. రెండు కొబ్బరిచెట్ల ఎత్తుకి వెళ్ళి, కాసేపు ఆగి, రాజోలు మీదుగా సముద్రం వైపు సాగిపోయింది. వెనక వీధిలో ఎవరో "బంతెళ్ళిపోయిందే" అని కేకేసేరు.

అమ్మాయిలు కుళాయి దగ్గర నుంచే సెలవు చెప్పి ఇళ్ళకి వెళ్ళిపోయేరు. జెస్సీ గోలు ముందు గడ్డిలో కూర్చుని బూట్ల లేసులు విప్పి మళ్ళీ గట్టిగా బిగించుకుంటోంది. క్రాంతికుమార్ ఆ వేళ్ళకేసి చూసేడు. ఆ ముడి అతనికి బాగా తెలుసు. తొమ్మిదేళ్ళు రోజూ వేసిన ముడి.

"బస్సుకి బట్టలు సర్దుకోవా?"

"నేను వెళ్ళనండి. రేపు ఈ వేళకి అది దిగితేనండి? చివర తన్నినవాళ్ళు ఉండాలి కదండీ. ఇప్పుడది నాదే."

అతను గీత పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ముత్యాలరాజు గారు తన గదిలో పేపర్‌వెయిట్ తిప్పుతూ ఎలా కూర్చున్నారో అలా, చేతిలో ఖాళీ డబ్బా తిప్పుతూ కూర్చున్నాడు.

"జెస్సీ, మొదటిరోజు కాలవలో పడ్డ బంతి ఎవరు తెచ్చేరు?"

"మీరేనండి."

"తన్నిందెవరు?"

"నేనేనండి."

"మరి నువ్వు దిగలేదేం?"

"బంతి ఎక్కడికెళ్ళినా తెచ్చేది అసిస్టెంట్ కోచేనని మీరే అన్నారు కదండీ."

"మరింకేం? బూట్లు విప్పు."

"అదీ ఇదీ ఒకటి కాదు సార్."

"ఒకటేనమ్మా. అక్కడ నీళ్ళున్నాయి, పైన లేవు. అంతే తేడా. తేవడం నా పని. నీ పని ఆరింటికి బస్సెక్కడం."

జెస్సీ లేసు ముడి మీద వేళ్ళాపింది.

"ఈ మాట అప్పుడు మీకెవరూ చెప్పలేదాండి?"

"లేదమ్మా."

ఆ పిల్ల లేసు ముడి విప్పింది.

మర్నాడు ఆరింటి బస్సుకి వెళ్ళింది. ఎంపికైంది. అక్కడే హాస్టల్లో ఉంటోంది. మొదట్లో వారం వారం ఫోన్ చేసి, "దిగిందాండి సార్?" అని అడిగేది. తరవాత క్రిస్మస్‌కి అడిగింది. ఆపైన ఫోన్ చేసినా తన ఆట గురించీ, మెస్సులో పప్పు గురించీ మాట్లాడింది గానీ బంతి మాట ఎత్తలేదు. ఆ రోజు క్రాంతికుమార్ ఫోన్ జేబులో పెట్టుకుని "మంచిదే" అన్నాడు. పక్కన ఎవరూ లేరు.

సుందరమ్మ ఒకసారి బీరువా తెరిచి, "వీటిని ఎవరికైనా ఇచ్చెయ్యమంటావా?" అని అడిగింది. "ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. చర్చిలో ఎవరికో ఇచ్చేసింది.

సాయంత్రం పావుతక్కువ ఐదుకి అమలాపురం కాలేజీ గ్రౌండు మీంచి బంతి వెళ్తుంది. డాబాల మీద బట్టలు తీస్తారు. టీకొట్టులో పాలు పొంగుతాయి. గీత బయట క్రాంతికుమార్ నిలబడి ఉంటాడు. బంతి సముద్రం వైపు వెళ్ళిపోయేక తక్కిన పదకొండింటినీ లెక్కపెట్టి వలసంచిలో వేసి, భుజానికెత్తుకుని కొట్టుగది వైపు నడుస్తాడు. ఇంకొకటి రావాల్సి ఉంది, సంచి మూతి ముడెయ్యడు.